రెండో వైపు

బీజగణితం మొదలుపెట్టే రోజున మల్లెలంక బాలికల హైస్కూల్లో ఏటా ఒకటే గొడవ. వకుళ టీచర్ బోర్డు మీద ఎక్స్ అని రాయగానే వెనక బెంచీల్లోంచి ఎవరో ఒకరు లేచి, "ఎక్స్ అంటే ఎంత టీచర్?" అని అడుగుతారు. "అదే మనం కనుక్కోవాలమ్మా, ఇప్పుడు తెలీదు" అంటుంది ఆవిడ. "తెలీందాన్ని బోర్డు మీద ఎట్టా రాశారు మరి?" అని ఇంకో పిల్ల అందుకుంటుంది. అడిగినదాంట్లో తప్పేముంది? ముక్కూ మొహం తెలియని మనిషికి పీట వేసి, మంచినీళ్ళిచ్చి, ఊరి సంగతులన్నీ మాట్లాడి, చిట్టచివర "ఇంతకీ మీరెవరండీ?" అని అడిగినట్టుంటుంది బీజగణితం. ఆ మర్యాద అర్థమైన పిల్లకి అంతా పండగే. అర్థంకాని పిల్ల "ఆ పక్కకి పోతే ప్లస్సు మైనస్ అవుద్ది" అని బట్టీపట్టి, ఎందుకవుతుందో తెలుసుకోకుండానే పదో తరగతి గట్టెక్కి, ఆ తర్వాత జన్మలో లెక్కల మొహం చూడదు.

వకుళని ఎక్కువ బాధపెట్టేది ఇంకోటుంది. ఆ ఏడు వెనక బెంచీలో సొంత కూతురు చారుమతి కూడా కూచుని ఉంది. ఏడో తరగతి, వేసవి దాటితే ఎనిమిది. పాటలు పాడుతుంది, ఖోఖో ఆడుతుంది, తండ్రి కిరాణా కొట్లో కూచుంటే గల్లాపెట్టె దగ్గర నోటిలెక్కలు టకటకా చెప్తుంది. ఎక్స్ అనేసరికి మాత్రం నోరు మూత పడిపోతుంది. స్టాఫ్ రూములో తెలుగు మేడమ్ "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఇదేనేమో వకుళా" అని నవ్వేది. వకుళ కూడా నవ్వేది గానీ ఆ మాట ఎక్కడో గుచ్చుకునేది.

ఆ వేసవిలో వకుళకి కళ్ళు తిరిగే జబ్బు పట్టుకుంది. మంచం మీద పడుకుంటే ఇంటి దూలం ఉయ్యాల ఊగేది. గుంటూరులో ఒక చిన్న ప్రయోగశాలలో ఫణీంద్ర అనే ఆయన ఇలాంటివాళ్ళ కోసమే ఏవో పరికరాలు తయారు చేస్తుంటాడు. డిగ్రీలో వకుళ క్లాస్‌మేట్. వెళ్ళగానే కుర్చీలో కూచోబెట్టి, హెయిర్ బ్యాండ్ లాంటి పట్టీ ఒకటి తల మీదుగా రెండు చెవుల వెనక్కీ తగిలించాడు.

"తాపీ మేస్త్రీ గోడ మీద రసమట్టం పెట్టి చూస్తాడే, అట్టాంటిది మన చెవుల్లోపల ఒకటి ఉంటది" అన్నాడు. "అది ఒరిగిందనుకుంటే లోకమంతా ఒరుగుద్ది. ఈ పట్టీ దాన్ని మెల్లగా మట్టానికి తెస్తది. భయపడకు, ముందు అటూ ఇటూ వంచి చూస్తా."

మీట తిప్పాడు. కుర్చీ కదల్లేదు, గోడలు కదల్లేదు. కానీ వకుళ ఎడమ వైపుకి జారిపోతున్నట్టయి కుర్చీ చెయ్యి పట్టుకుంది. తర్వాత కుడికి. తర్వాత నడిమధ్యన ఒక చోట అన్నీ ఆగాయి. అంతవరకూ ఊగుతున్న లోకం కాళ్ళు కడుక్కుని వచ్చి ఎదురుగా కూచున్నట్టనిపించింది. అంత హాయి ఆవిడ ఎన్నడూ ఎరగదు.

"ఫణీ, ఇదే ఇది" అంది కళ్ళు మూసుకునే.

"ఏది?"

"ఈక్వల్ టు. నేను బోర్డు మీద రెండు గీతలు గీసి చెప్తన్నా. నువ్వు ఒంట్లో పెట్టేశావ్."

అంతే, ఇద్దరికీ అదే పిచ్చి పట్టుకుంది. ఫణీంద్ర ఆ పట్టీని ఒక పలకకి కలిపాడు. పలక మీద సమీకరణం ఉంటుంది. పిల్ల ఒక వైపు నుంచే ఏదైనా తీసేస్తే, బరువు మిగిలిన వైపుకి ఒళ్ళు ఒరిగినట్టనిపిస్తుంది. రెండో వైపు నుంచి కూడా అంతే తీస్తే మళ్ళీ మట్టం. పై వాళ్ళ అనుమతులూ, తల్లిదండ్రుల సంతకాలూ అన్నీ అయ్యాయి. మొదటి పట్టీ ఎవరికి పెట్టాలన్నప్పుడు వకుళ ఆలోచించలేదు. పరాయి పిల్లకి పెట్టేది ముందు తన పిల్లకి పెట్టాలి కదా అనుకుంది.

చారు పలక పట్టుకుని నిలబడింది. మూడు ఎక్స్ ప్లస్ అయిదు ఈక్వల్ టు ఇరవై.

"అయిదు నాకు అడ్డంగా ఉంది, తీసేస్తన్నా" అని ఎడమ వైపు అయిదు చెరిపేసింది. చెరిపిందో లేదో కుడి పక్కకి తూలి గోడ పట్టుకుంది. తనే పలక వంక కాసేపు చూసి, ఇరవైలోంచి కూడా అయిదు తీసేసింది. భుజాలు దిగాయి. మూడు ఎక్స్ ఒక పక్క, పదిహేను ఒక పక్క. ఆ పిల్ల మొహంలో మెల్లగా ఏదో వెలిగింది. రెండు వైపులా మూడు వాటాలు వేసింది, రెండు వైపులా ఒక్కొక్క వాటా ఉంచుకుంది.

"అయిదమ్మా" అంది. తర్వాత తల అడ్డంగా ఊపింది. "నేను లెక్క చెయ్యలా. అది అక్కడ ఉంది. ఎప్పట్నుంచో అక్కడే ఉంది. మిగతావన్నీ పక్కకి జరిపా, అంతే."

వకుళ బల్ల పట్టుకుని నిలబడింది. తను ఏళ్ళ తరబడి చెప్పాలని చూసి చెప్పలేకపోయిన మాట అదే.

దసరా సెలవులకి ముందే క్లాసంతా పట్టీలు పెట్టుకుంది. పిల్లలు వాటికి తక్కెడ బ్యాండులని పేరు పెట్టారు. దీపావళి వచ్చేసరికి ఇంకో వింత బయటపడింది. పట్టీలు తీసేసినా పిల్లలకి మట్టం తెలుస్తూనే ఉంది. బోర్డు మీద తప్పు సమీకరణం రాస్తే క్లాసు మొత్తం ఒక పక్కకి ఒరిగేది, గాలికి వరిచేను వంగినట్టు. వకుళ పొరపాటున గుర్తు తప్పు వేసిన రోజున ఆడపిల్లలందరూ ఒకేసారి బెంచీలు పట్టుకున్నారు. ఆవిడ నవ్వాపుకోలేక తుడిచి సరిగ్గా రాసింది.

కార్తీకమాసంలో పిల్లల్ని సముద్రం ఒడ్డుకి వనభోజనాలకి తీసుకెళ్ళారు. మధ్యాహ్నం, మబ్బు పట్టి ఉంది. పులిహోర పొట్లాలు విప్పబోతున్న పిల్లలు ఒక్కొక్కరే ఆగిపోయారు. నీళ్ళ వైపు చూశారు. తర్వాత, ఎవరూ ఎవరికీ చెప్పకుండానే, తలలన్నీ తూర్పు ఆకాశంలో ఒకే చోటికి తిరిగాయి. అక్కడ మబ్బు తప్ప ఏమీ లేదు.

"ఏంటమ్మా చూస్తన్నారు?" అంది వకుళ.

"అక్కడ ఒకటుండాలి టీచర్" అంది గౌసియా. క్లాసులో అందరికంటే చురుకైన పిల్ల, చారుకి ప్రాణ స్నేహితురాలు.

"ఏముండాలి?"

"తెలీదు టీచర్. కానీ ఉండాలి. లేకపోతే నీళ్ళ ఆటుపోటు ఇట్టా ఉండదు. భూమినీ సూర్యుణ్ణీ అన్నీ తీసేసి చూశా, ఇంకా మిగిలిపోతంది."

చారు తలూపింది. "పెద్దదే అమ్మా. చాలా దూరం."

వాళ్ళు అటు చూస్తుండగానే మబ్బు కాస్త పక్కకి జరిగింది. గౌసియా వేలు పెట్టి చూపిస్తున్న చోటనే, పగటి వెలుగులో వెలిసిపోయిన చందమామ ఉంది. పిల్లలు చప్పట్లు కొట్టలేదు, అరవలేదు. జవాబు సరిపోయిందని తలలూపి, పులిహోర తినడానికి కూచున్నారు. మనిషి పుట్టినప్పట్నుంచీ తెలీనిదానికి భయపడటమే చూశాం. ఈ పిల్లలు తెలీనిదాన్ని పక్కింటివాళ్ళని పిలిచినంత చనువుగా పిలుస్తున్నారు. వకుళ ఇసుకలో కూచుని కళ్ళు తుడుచుకుంది, ఎందుకో తనకే తెలీకుండా.

ఆ ఆనందం ఎక్కువ కాలం నిలవలేదు.

మొదట తెలిసింది శ్రీహరి కొట్లో. శ్రీహరి వకుళ భర్త, చారు తండ్రి. తాతల నాటి కిరాణా కొట్టు. తక్కెడ పోయి ఎలక్ట్రానిక్ కాటా వచ్చినా ఆయన అలవాటు పోలేదు. కందిపప్పు సరిగ్గా కేజీ చూపించాక కూడా పిడికెడు తీసి పొట్లంలో వేస్తాడు. ఎందుకని అడిగితే "మిషన్ లెక్క మిషన్ చూసుకుంది, ఇది నా లెక్క" అంటాడు. పిల్లలొస్తే బెల్లం ముక్క కొసరు. ఊళ్ళో సగం మంది ఆ కొసరు కోసమే ఆ కొట్టుకొస్తారు.

ఒక ఆదివారం ఆయన కొసరు వేస్తుంటే పక్కనే ఉన్న చారు గల్లాపెట్టె మీద పడబోయింది. నీరసమేమో అనుకున్నారు. మళ్ళీ కొసరు, మళ్ళీ తూలింది. నాలుగోసారికి కక్కుకుంది.

"నాన్నా, ఆ పిడికెడు వెయ్యబాక" అంది గోడకి చేరగిలబడి. "అటు ఇచ్చావ్, ఇటేం రాలా. నాకు కడుపులో తిప్పుతంది."

శ్రీహరి పిడికెట్లో పప్పు మళ్ళీ బస్తాలో పోశాడు. కూతురు కొట్లో ఉన్నంతసేపూ కొసరు మానేశాడు. జనం ఊరుకుంటారా? "ఏం శ్రీహరీ, కొత్తగా ఇంత బిగించావేంది?" అని ఎగతాళి చేశారు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. రాత్రి అన్నాల దగ్గర మాత్రం, "వకుళా, పిడికెడు పప్పు వెయ్యకపోతే నేను వ్యాపారం చేసినట్టే లేదే" అన్నాడు దిగులుగా.

మిగతా ఇళ్ళలోనూ ఇదే వరస. అన్నకి రెండు గుడ్లూ తనకి ఒకటీ పెట్టారని ఒక పిల్ల కంచం ముందు పడిపోయింది. ఆ తల్లి సిగ్గుపడి చెరొకటిన్నర పెట్టడం మొదలుపెట్టింది, అది మంచికే. కానీ గౌసియా వాళ్ళ నాయనమ్మ దగ్గు మందు మానేసి ఆ డబ్బులతో పిల్లకి గాజులు కొంది. గౌసియా ఆ గాజులు తొడుక్కుని లేవలేక మంచం పట్టింది. అన్యాయానికి ఒరిగినట్టే ప్రేమకీ ఒరుగుతున్నారు పిల్లలు. చెవిలోని రసమట్టానికి రెండింటికీ తేడా తెలియదు. ఎక్కువ తక్కువలు మాత్రమే తెలుసు.

గౌసియా తండ్రి గుంటూరు వెళ్ళి ఫణీంద్ర ముందు చేతులు జోడించాడు. పట్టీని తిరగేసి పెట్టి, నేర్పిన మట్టాన్ని చెరిపెయ్యొచ్చని ఫణీంద్ర చెప్పాడు. చెరిపితే అంతా చెరిగిపోతుంది, మళ్ళీ పెట్టడానికి కుదరదు. అలాగే చెరిపారు. గౌసియా బడికి ఉషారుగా తిరిగొచ్చింది, చేతినిండా గాజులతో. వకుళ బోర్డు మీద సమీకరణం రాసింది. గౌసియా కాసేపు చూసి లేచి నిలబడింది.

"టీచర్, ఎక్స్ అంటే ఎంత?"

చందమామని మబ్బు వెనక పట్టుకున్న పిల్ల అది. చారు స్నేహితురాలి చెయ్యి పట్టుకుని డెస్కు మీద తల పెట్టుకుంది.

ఇంట్లో అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. వకుళ జడ వేస్తుంటే చారు వెనక్కి, తల్లి మీదకే ఒరిగిపోయేది. అన్నం కలిపి పెడితే తల్లి వైపే తూలేది. జ్వరమొచ్చినప్పుడు తల్లి పక్కన కూచుని నుదుటి మీద తడిగుడ్డ మారుస్తుంటే, పడుకునే ఉండి మంచం అంచులు పట్టుకుని "పడిపోతన్నానమ్మా" అని ఏడ్చింది. ఎప్పుడు పడినా తల్లి ఉన్న వైపే.

కారణం తెలుసుకోవడానికి ఫణీంద్ర అవసరం లేకపోయింది. చారే చెప్పింది.

"నీ వైపు బరువెక్కువ అమ్మా. నా వైపేం లేదు."

ఆ పిల్ల సమం చెయ్యాలని చూసింది. తల్లి నిద్ర లేవకముందే ముగ్గేసింది, అంట్లు తోమింది, సాయంత్రం తల్లి కాళ్ళు పట్టింది. ఏమీ లాభం లేదు. కూతురు అంట్లు తోముతుంటే చూడలేక వకుళ పాలు కాచి తెచ్చేది. "చూశావా, నేనొకటి చేస్తే నువ్వు రెండు చేస్తావ్" అని చారు తలుపు పట్టుకుని అక్కడే కూలబడేది. అమ్మ రుణం తీర్చుకోలేమని పెద్దలు మాటవరసకి అంటారు. ఆ మాటని ఒంటితో మొయ్యాల్సిన గతి ఎవరికీ రాలేదు, ఈ పిల్లకి తప్ప.

చివరికి వకుళ గుండె రాయి చేసుకుంది. జడ వెయ్యడం మానేసింది. కంచం పెట్టి, వడ్డించకుండా పక్కగదిలోకి వెళ్ళిపోయేది. బడికి ముందు తను వెళ్ళి, వెనక కూతుర్ని రానిచ్చేది. ఇంట్లో "తిన్నావా?" అని కూడా అడిగేది కాదు, ఆ మాటకే పిల్ల ఒరుగుతోంది మరి. శ్రీహరి ఇద్దరి మధ్యా నలిగిపోయాడు.

చారు నిలబడింది. నిటారుగా, ఎక్కడా తూలకుండా, ఇల్లంతా తిరిగింది. తల్లి గది గుమ్మం దాకా వచ్చి, లోపలికి అడుగు పెట్టకుండా అక్కడే నిలబడి, "నేను బానే ఉన్నానమ్మా" అనేది. చెంపల మీద నీళ్ళు కారుతుండేవి. గది లోపల వకుళ చేతులు ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూచునేది, ఆ చేతులు లేచి కూతురి కన్నీళ్ళు తుడుస్తాయేమోనని.

ఇట్టా ఎన్నాళ్ళు? కన్నకూతురు నిలబడాలంటే తల్లి తల్లి కాకుండా పోవాలి. సంక్రాంతి దాటాక ఒక పొద్దున వకుళే అంది, "చారూ, చెరిపించేద్దాం."

"వద్దు" అంది పిల్ల గుమ్మం అవతల నుంచి. "నాకు మళ్ళీ ఏం కనపడదు. గౌసిని చూడు, చందమామని తనే పట్టుకుందని నేను చెప్తే నమ్మటంలా."

"నాకు నువ్వు కావాలే."

ఆ మాటకి చారు తూలి గుమ్మం పట్టుకుంది. ఇంక వాదించలేదు.

గుంటూరులో ఫణీంద్ర ప్రయోగశాల పాత ఇంటి మేడ మీద ఉంటుంది. నేలంతా తెల్ల టైల్సు. చారు గదికి ఆ చివర కుర్చీలో కూచుంది, వకుళ ఈ చివర తలుపు దగ్గర. ఫణీంద్ర తిరగేసిన పట్టీని చేత్తో పట్టుకుని ఎవరి మొహమూ చూడకుండా దాన్ని తుడుస్తున్నాడు. ఆయన కూడా చిక్కిపోయాడు.

"తయారేనా తల్లీ?" అన్నాడు.

చారు తలూపింది. వకుళకి అప్పుడు పెద్ద ఆశేమీ లేదు, చెయ్యగలిగింది కూడా ఏమీ కనపడలేదు. ఆవిడ లెక్కల టీచరు. రేపట్నుంచి కనపడని పిల్లకి ఇవాళ ఇంకొక్కటి చూపించాలనిపించింది, అంతే.

"ఒక్క నిమిషం ఫణీ. తొమ్మిదో తరగతి పాఠం ఒకటుంది. అది చూసి పోనీ."

హ్యాండ్‌బ్యాగులో సుద్దముక్క ఎప్పుడూ ఉంటుంది. నేల మీద కూచుని పెద్ద అక్షరాలతో రాసింది. ఎక్స్ ప్లస్ వై ఈక్వల్ టు పది.

చారు ముందుకి వంగి చూసింది. కుర్చీ చెయ్యి పట్టుకోబోయి ఆగింది.

"అమ్మా, ఇదేంటి? ఇది ఎటూ పడటంలా."

"ఎక్స్ ఎంత?"

"చెప్పలేం. ఎంతైనా ఉండొచ్చు." కళ్ళు మూసుకుంది. "ఎక్స్ రెండైతే వై ఎనిమిది. ఎక్స్ తొమ్మిదైతే వై ఒకటి. అన్నీ మట్టంగానే ఉన్నయ్. అమ్మా, ఎన్ని జవాబులున్నయ్యో దీనికి."

"లెక్కలేనన్ని. చూస్తావా?"

వకుళ టైల్సునే గళ్ళకాగితం చేసుకుంది. ఒక గోడ వారన ఎక్స్, ఇంకో గోడ వారన వై. ఎక్స్ సున్నా, వై పది దగ్గర ఒక చుక్క. ఎక్స్ ఒకటి, వై తొమ్మిది దగ్గర ఒకటి. అలా వంగి వంగి నడుం పట్టేసేదాకా చుక్కలు పెట్టి, అన్నిటినీ కలుపుతూ గది ఈ మూల నుంచి ఆ మూలకి ఒక గీత గీసింది. గీత చివరికి వచ్చేసరికి ఏమరపాటున కూతురికి బాగా దగ్గరగా వచ్చేసింది. అది గమనించి గబుక్కున వెనక్కి, గీత అవతలి కొసకి పోయి నిలబడింది.

చారు లేచింది. గీతకి తన వైపు కొసన అడుగుపెట్టింది. "ఇక్కడ సమం." ఇంకో అడుగు. "ఇక్కడా సమమే." ఒక్కొక్క చుక్క మీదా నిలబడి, ఎక్స్ తగ్గుతుంటే వై పెరగడం అరికాళ్ళతో వింటూ నడిచింది. ఫణీంద్ర పట్టీ బల్ల మీద పెట్టేసి చూస్తున్నాడు. ఆ పిల్ల ఇప్పటిదాకా మట్టమంటే ఒక్క చుక్క అనుకుంది, దాని మీద కదలకుండా నిలబడాలనుకుంది. మట్టం మీద నడవొచ్చని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన టీచరు, అది పైక్లాసు సిలబస్సు కదా అని అక్కడితో ఆపేసింది. తెలీనిది ఒక్కటే ఉండే లెక్కలతో ఒళ్ళంతా తయారుచేసి, పిల్లల్ని మనుషుల మధ్యకి తోలింది.

గీత సగంలో చారు ఆగిపోయింది. నేల మీద రాసిన సమీకరణం వైపు చూసింది, తల్లి వైపు చూసింది.

"అమ్మా, ఎక్స్, వై ఒకే వైపు ఉన్నయ్."

"అవును."

"ఒకదానికొకటి ఎదురుగా లేవు."

"లేవు. రెండూ కలిపితేనే అవతలి వైపుకి సమం."

చారు వేలితో తల్లినీ తననూ చూపించింది. "నేను నిన్ను ఒక వైపు వేసి నన్ను రెండో వైపు వేశా. ఎప్పుడు చూసినా నువ్వు బరువే, నేను సున్నాయే. మనిద్దరం ఒక వైపేనా అమ్మా?"

వకుళ చేతిలోని సుద్దముక్క వంక చూసుకుంది. ఇన్నేళ్ళు ఈ పాఠం చెప్పింది, మార్కులిచ్చింది, తప్పులు దిద్దింది. అందులో ఇది ఉందని ఆవిడకి తెలీదు.

"ఒక వైపేనే" అంది. "నువ్వు పుట్టినప్పుడు నేను పది, నువ్వు సున్నా. అప్పుడు కూడా లెక్క సరిపోయింది. ఇప్పుడు నువ్వు రెండో మూడో. నేను ముసలిదాన్నయ్యాక నువ్వు తొమ్మిదవుతావ్."

"అప్పుడు నువ్వు ఒకటా?"

"అయితే అయింది. మొత్తం తగ్గదుగా."

చారు నవ్వబోయింది, ఏడుపొచ్చింది. గీత మీద నడుచుకుంటూ వచ్చి, కొసన నిలబడిన తల్లికి మూరెడు దూరంలో ఆగింది. వకుళ చెయ్యి చాపింది. చెయ్యి చెంపకి తగలగానే పిల్ల ఒళ్ళు తల్లి వైపుకి తూలింది. ఫణీంద్ర ఒక అడుగు ముందుకేశాడు. వకుళ ఈసారి చెయ్యి తీసుకోలేదు. చారు కళ్ళు మూసుకుంది. పాదం కాస్త పక్కకి జరిపింది, మళ్ళీ ఇంకాస్త. చీకట్లో మెట్టు కోసం వెతుక్కున్నట్టు లోపల ఎక్కడో వెతుక్కుంది. మెల్లగా భుజాలు దిగాయి.

"దొరికింది" అంది. "ఇక్కడ కూడా మట్టంగానే ఉంది."

ఫణీంద్ర పట్టీని పెట్టెలో పెట్టి మూత వేశాడు. "ఇంకా తూలుద్దేమో వకుళా. ఒక్కరోజులో పోయేది కాదిది" అన్నాడు.

"తూలనీ అంకుల్" అంది చారు. "పక్కకి అడుగేస్తా."

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. రేపు పొద్దున్నే క్లాసుకి ఈ పాఠం చెప్పాలి, సిలబస్సు ఏమైనా సరే అనుకుంది వకుళ. గౌసియాకి మాత్రం మొదట్నుంచీ చెప్పాలి, అందరిలాగే బోర్డు మీద, సుద్దముక్కతో, ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు. ఆ పిల్ల పోగొట్టుకున్న మట్టం తిరిగిరాదు. ఆ బాధ మనసులోంచి పోయేది కాదని కూడా ఆవిడకి తెలుసు. పక్కన చారు రెండుసార్లు ఆవులించింది. కాసేపు తల్లి వైపు అనుమానంగా చూసి, మెల్లగా వాలి, తల్లి ఒళ్ళో తలపెట్టుకుంది. బస్సు గతుకుల్లో ఎంత ఊగినా ఊరొచ్చిందాకా లేవలేదు.